రెండేళ్ల కాగితం

అల్లుడా,

నిన్న పొద్దుగూకే వేళ మీ అమ్మ బీడీల చాట చంకన పెట్టుకొని మా ఇంటికొచ్చింది. అరుగు మీద కూర్చొని, చేతులకంటిన తంబాకు పొడి కొంగుకు తుడుచుకొని, సంచిలోంచి నీ ఆఫర్ లెటర్ తీసి నా చేతిలో పెట్టింది. "అన్నా, వాడు దుబాయి పోతనంటున్నడు. నువ్వు పద్దెనిమిదేండ్లు ఉండొచ్చినోనివి. వానికి నాలుగు మాటలు చెప్పు" అంది.

పిలిచి చెబుదామనే అనుకున్నాను. కానీ నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంటే సగం మాటలు నాకు గొంతు దాటవు. అందుకే రాత్రి కూర్చొని రాస్తున్నాను. బండెక్కే ముందే చదువు. అక్కడికి పోయాక, గదిలో అందరూ పడుకున్నాక మళ్లీ ఓసారి చదువు.

పోవద్దని చెప్పను. ఐటీఐ చేసి మూడేళ్లయింది. మెట్‌పల్లిలో మోటార్ వైండింగ్ షాపులో పొద్దంతా వంగి కూర్చుంటే నెలకు పన్నెండు వేలు. ఉన్నది రెండెకరాల చెలక. మూడు బోర్లు వేస్తే ఒక్కదాంట్లోనే నీళ్లు, అదీ ఎండాకాలం దాకానే. మీ అమ్మ నడుం ఒంగిపోయేలా చాట ముందు కూర్చుంటే తప్ప ఇల్లు గడవదు. ఇవన్నీ కళ్లారా చూస్తూ ఆగిపొమ్మని ఏ నోటితో అనను? మీ అమ్మ పెళ్లి చేసింది నేను దుబాయి నుంచి పంపిన పైసలతోనే. ఇవాళ నేను కూర్చొని రాస్తున్న ఈ స్లాబు కింది నీడా అక్కడిదే.

నేను పోయింది 1996లో. ఇరవై మూడేళ్లు నాకప్పుడు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు ఇంకా లేదు. కోరుట్లలో బొంబాయి బస్సెక్కి, అక్కడ ఏజెంటు చూపించిన గదిలో పదహారు మందిమి చాపల మీద పదకొండు రోజులు పడుకొని, పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ ముద్ర పడ్డాక విమానమెక్కాను. వీసాకు 55,000. మా బాపు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. జీతం 600 దిర్హాంలు. అప్పట్లో దిర్హాం పది రూపాయలకు కాస్త తక్కువ. మెస్ ఖర్చు పోను నెలకు నాలుగు వేలు ఇంటికి పంపేవాణ్ని. అందులో 1,650 రూపాయలు వడ్డీకే పోయేవి. రెండేళ్లలో అప్పు తీర్చి, ఓ లక్ష వెనకేసుకొని వచ్చి ఇక్కడే మేస్త్రీ పని చూసుకుంటానని మా అవ్వకు మాటిచ్చి పోయాను.

రెండేళ్లయింది. అప్పు తీరింది గానీ లక్ష లేదు. అగ్రిమెంట్ మళ్లీ రాశాను. ఆ రెండేళ్లు మీ అమ్మ పెళ్లికి. తర్వాత ఇల్లు, ఇంటి మీద ఇంకో అంతస్తు, బోరు, అది ఎండిపోతే మరో బోరు. ఏది తీసుకున్నా అవసరమే, ఒక్కటీ దుబారా కాదు. కానీ ఒక్క సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది. కంపెనీ మనిషి రెన్యువల్ కాగితం పట్టుకొని సైటుకే వచ్చేవాడు. పికప్ బానెట్ మీద దాన్ని పరిచేవాడు. ఎండకు కాగిన రేకు చేతికి తగలకుండా మోచెయ్యి పైకెత్తి, ఆయన జేబులోని పెన్నుతోనే సంతకం పెట్టేవాణ్ని. అర నిమిషం పట్టేది. మళ్లీ పోయి తాపీ అందుకునేవాణ్ని. నా బతుకులోని రెండేళ్లు ఆ అర నిమిషంలో పోయేవి. అట్లా ఎనిమిది సార్లు పెట్టాను.

మొదటిసారి పోయే ముందు ఇంటిల్లిపాదీ నెల రోజులు మాట్లాడుకున్నాం. మంచిరోజు చూపించాం, కొండగట్టుకు పోయి మొక్కుకున్నాం, ఊళ్లో పది మంది పెద్దలను అడిగాం. అక్కడే ఉండిపోవడం గురించి మాత్రం ఒక్క పూట కూడా ఎవరితోనూ కూర్చొని మాట్లాడలేదు. పద్దెనిమిదేళ్లు ఉండమని నన్ను ఎవరూ అనలేదు, నేనూ అనుకోలేదు. పోవడం నా నిర్ణయమే, దానికి నాకు బాధ లేదు. ఉండిపోవడం మాత్రం నేను నిర్ణయించకుండానే జరిగిపోయింది. నీకు చెప్పాలనుకున్నదంతా ఇదే అల్లుడా, మిగతావి దీని చుట్టూ వచ్చే మాటలే.

1998లో నలభై అయిదు రోజుల సెలవుకొచ్చినప్పుడే నాకు పెళ్లి చేశారు. పిల్లను చూసిన పదిహేనో రోజున తాళి కట్టాను, ఆ తర్వాత నాలుగు వారాలకు మళ్లీ బొంబాయి బస్సెక్కాను. మరుసటి ఏడు మీ బావ పుట్టాడు. ఊళ్లో ఫోనంటే ఎస్టీడీ బూత్ ఒక్కటే. నిమిషాల లెక్కన బిల్లు పడేది గనుక, మేం క్యాసెట్లలో మాటలు రికార్డు చేసి సెలవుకు వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపుకునేవాళ్లం. ఒక వైపు నేను మాట్లాడి పంపితే రెండో వైపు మీ అత్తమ్మ మాట్లాడి పంపేది. పిల్లాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకొని రోజూ రాత్రి నా క్యాసెట్ పెట్టేదట. 2000లో నేనొచ్చేసరికి వాడికి ఏడాదిన్నర. నన్ను చూసి అమ్మ కాళ్ల వెనక దాక్కున్నాడు. సరే, కొత్త కదా అని నేను గడపలోనే కూర్చొని, "రా నాన్నా, ఇటు రా" అన్నాను. గొంతు వినగానే వాడి ముఖం మారింది. గబగబా లోపలికి పోయి, టేప్ రికార్డర్ క్యాసెట్ మూత తెరిచి లోపల చూశాడు. మూసి, మళ్లీ తెరిచి చూశాడు. నేను గడప మీదే ఉండిపోయాను.

ఇప్పుడు వీడియో కాల్ ఉంది కదా మామా అంటావు. ఉంది, మంచిదే. కానీ వాడు ఇప్పటికీ నాకేదైనా చెప్పాలంటే వాళ్లమ్మతో చెప్పిస్తాడు. ఇరవై ఆరేళ్లవాడు, బంగారం లాంటి పిల్లాడు. ఆ అలవాటు వాడి తప్పు కాదు.

అందుకని ఒక పని చెయ్యి. పోయే ముందే ఒక నోటుబుక్కు మొదటి పేజీలో దేనికి పోతున్నావో రాసుకో. అప్పు ఇంత, చెల్లె చదువు ఇంత, షాపు పెట్టుకోవడానికి ఇంత అని అంకెలతో రాసుకో. "బాగుపడటానికి" అని రాయకు, ఆ లెక్క ఎన్నటికీ తీరదు. నీ కంపెనీ రెండేళ్ల కాగితం మళ్లీ ముందు పెట్టినప్పుడు అక్కడికక్కడే సంతకం చెయ్యకు. పది రోజులు గడువడుగు. గదికి తెచ్చుకో. ఆ మొదటి పేజీ పక్కన పెట్టుకొని చూడు. ఏది తీరింది, ఏది మిగిలింది, కొత్తగా ఏది వచ్చి చేరింది? ఆ చేరినదాన్ని నువ్వు చేర్చావా, ఎవరో చేర్చారా? మీ అమ్మతో మాట్లాడు, పెళ్లయితే నీ భార్యతో అంతకంటే ముందు మాట్లాడు. తర్వాత ఉండాలనిపిస్తే ఉండు. ఇట్లా తేల్చుకొని పదేళ్లున్నా నేను సంతోషిస్తాను.

ఇక నీ ఆఫర్ లెటర్ సంగతి. దాన్ని రెండుసార్లు చదివాను. మొత్తం 1,500 దిర్హాంలని రాసి, కింద బేసిక్ 800, మిగతాది అలవెన్సులని విడదీశారు. నువ్వు 1,500 దగ్గరే ఆగిపోయావని మీ అమ్మ మాటలను బట్టి నాకర్థమైంది. ఆ బేసిక్ దగ్గర ఆగు. ఓవర్‌టైమ్ కట్టేది బేసిక్ మీదే. చివరికి వచ్చేటప్పుడిచ్చే గ్రాట్యుటీ లెక్కా దాని మీదే. అక్కడి చట్టం ప్రకారం మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది. నీ 800 మీద చూస్తే ఏడాదికి 560 దిర్హాంలు. అదే 1,500 బేసిక్ అయ్యుంటే 1,050 వచ్చేవి. నా సంగతి చూడు. చివరి రోజుల్లో నా జీతం 1,900 దాకా ఉండేది, బేసిక్ మాత్రం 1,100. పద్దెనిమిదేళ్ల చాకిరీకి చేతికొచ్చిన గ్రాట్యుటీ మూడు లక్షల రూపాయలకు అటూఇటూ. బేసిక్ పెంచమని ఇప్పుడే అడుగు. పెంచితే మంచిదే, పెంచకపోతే కనీసం తెలిసి పోయినవాడివవుతావు. ఇక్కడ చూపిన కాగితంలో ఉన్న అంకెలే అక్కడ సంతకం పెట్టే కాంట్రాక్టులో ఉన్నాయో లేదో కూడా చూసుకో.

ఏజెంటుకు మిగతా సగం ఇవ్వలేదని విన్నాను, ఇవ్వకు. మన ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన ఏజెంటు నీ దగ్గర తీసుకోగలిగేది 30,000, దాని మీద జీఎస్టీ, అంతే. అతడికి లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడు, లేదంటే హైదరాబాద్‌లో మన తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, అక్కడ అడుగుదాం, నేనూ వస్తాను. రసీదు ఇవ్వనివాడికి రూపాయి ఇవ్వద్దు. "ముందు విజిట్ వీసా మీద పో, అక్కడ మార్పిస్తా" అని మాట మార్చాడంటే ఆ రోజుతో అతడికో దండం పెట్టు.

ఇంకో సంగతి నీకు ఎవరూ చెప్పరు. పది పాసవ్వని నాలాంటివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. గల్ఫ్‌కు పోవాలంటే మా కాగితాలు ఎమిగ్రేషన్ ఆఫీసులో ఒకరు చూసి అనుమతి ఇవ్వాలి. ఇప్పుడైతే అట్లా పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా కూడా తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు కడితే, ప్రమాదంలో మనిషి పోయినా అవిటివాడైనా పది లక్షలు. నువ్వు పది పాసయ్యావు, ఐటీఐ చేశావు, నీకు ఆ అనుమతి అక్కర్లేదు. దాన్ని గొప్పగా చెప్పుకుంటున్నావట. గొప్పే, కాదనను. కానీ నీ కాగితాలను ఆపి చూసేవాడెవడూ లేడని కూడా దాని అర్థం. చూసుకోవాల్సింది నువ్వే. పోయే ముందు మీ అమ్మ పేరు నామినీగా పెట్టి ఒక టర్మ్ పాలసీ తీసుకో. గల్ఫ్‌లో పని చేస్తానన్న సంగతి దాచకుండా ఫారంలో రాయించు. ఈ మాట మీ అమ్మ ముందు అనలేకే ఇక్కడ రాశాను.

2004లో మా బాపు పోయాడు. బుధవారం రాత్రి ఫోనొచ్చింది. పాస్‌పోర్టులన్నీ కంపెనీ ఆఫీసు బీరువాలో ఉండేవి, అప్పట్లో అది మామూలని మేమూ అనుకునేవాళ్లం. గురువారం బీరువా తాళమున్న మనిషి దొరకలేదు, శుక్రవారం సెలవు. శనివారం పాస్‌పోర్టు చేతికొచ్చింది గానీ టికెట్టుకు పైసల్లేవు, ముందు నెలే అంతా ఇంటికి పంపేశాను. గదిలోవాళ్లు తలా వంద వేసి కొనిచ్చారు. నేను ఇంటికి చేరేసరికి వాకిట్లో బూడిద కూడా ఊడ్చేశారు. మా అవ్వ నన్నేమీ అనలేదు. అన్నం పెట్టి, తిని పడుకోమంది. పాస్‌పోర్టు మనిషి దగ్గరే ఉండాలని అక్కడి చట్టమే చెబుతుంది. అడిగినా ఇవ్వద్దు. ఒకవేళ తీసుకున్నారంటే జిరాక్సూ, ఫోనులో ఫొటో నీ దగ్గరుండాలి, ఎవరు దాచారో పేరు తెలిసి ఉండాలి. టికెట్టుకు సరిపడే పైసలు, ఓ వెయ్యి దిర్హాంలు, మొదటి నాలుగు నెలల్లోనే పక్కన పెట్టు. ఆ తర్వాత చెల్లె ఫీజని వచ్చినా, నేనే అడిగినా, వాటి జోలికి పోకు.

ఒంటరిగా ఉన్నప్పుడు మనసు తొందరపడుతుంది. పని ఉన్నన్నాళ్లు తెలీదు. సెలవు రోజు మధ్యాహ్నం బట్టలుతికి ఆరేసి, అన్నం తిని మంచం మీద పడుకున్నప్పుడు మొదలవుతుంది. పై మంచంలో ఒకడు ఫోనులో కూతురితో మాట్లాడుతుంటాడు, ఏసీ గుయ్యిమంటూ ఉంటుంది. అప్పుడే కంపెనీ మారిపోదామనిపిస్తుంది, ఊళ్లో ఎవరో చెప్పిన ప్లాటుకు అడ్వాన్సు పంపుదామనిపిస్తుంది, అప్పుడే ఇక చాలు పోదామనిపిస్తుంది. ఏ పెద్ద మాటా ఆ పూట ఖాయం చెయ్యకు. రెండు జీతాలు దాటనివ్వు. అప్పటికీ అదే అనిపిస్తే నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా సరే.

నా గదిలో ఆర్మూర్ దిక్కు పిల్లాడు ఒకడుండేవాడు. టైల్స్ వెయ్యడంలో వాడి పనితనం చూస్తే ముచ్చటేసేది. 300 దిర్హాంలు ఎక్కువిస్తామని ఎవరో అంటే, ఒక సెలవు రోజు సాయంత్రం చెప్పాపెట్టకుండా కంపెనీ విడిచిపోయాడు. అక్కడ మనోళ్లు ఖల్లివెల్లి అంటారు. ఇస్తామన్న జీతం నాలుగు నెలలే ఇచ్చారు. ఆ తర్వాత వీసా లేదు, బతాకా అనే గుర్తింపు కార్డూ లేదు, పోలీసు బండి కనబడితే గల్లీలోకి తప్పుకోవడమే. జ్వరమొస్తే ఆస్పత్రికి పోలేడు, ఇంటికి పోదామంటే జరిమానా కట్టలేడు. 2007లో అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు అవుట్‌పాస్ మీద వచ్చాడు, అప్పటికి ఆరేళ్లయింది. ఈలోపు వాళ్లమ్మ పోయింది. మారొద్దని చెప్పడం లేదు నేను. మారే దారి కాగితాల మీద ఉంటుంది, ఆ దారిన మారు. అట్లాగే నీ గుర్తింపు కార్డు మీద ఎవరికీ సిమ్ము తీసివ్వకు, కిస్తీల మీద ఫోను ఇప్పించకు, వాడు సొంత ఊరివాడైనా సరే.

ఇక పెళ్లి. నీకు ఇరవై నాలుగు. మొదటి సెలవుకు నువ్వు రాకముందే మీ అమ్మ నాలుగు సంబంధాలు చూసిపెడుతుంది, నాకు తెలుసు. నలభై రోజుల్లో చూపులు, మాటలు, పెళ్లి, విమానం అన్నీ అయిపోవాలంటే ఒప్పుకోకు. ఒక సెలవులో చూసుకొని మాట అనుకోండి. ఏడాది పాటు ఆ పిల్లతో మాట్లాడు. నీ జీతం, నీ అప్పు, ఇంకా ఎన్నేళ్లు ఉండాలనుకుంటున్నావో అన్నీ చెప్పు. అన్నీ విని సరే అంటే రెండో సెలవులో చేసుకో. ఇంకోటి, గట్టిగానే చెబుతున్నాను. కట్నం పైసలతో వీసా అప్పు తీర్చుకోవడం మన దిక్కున మామూలైపోయింది. నువ్వు ఆ పని చెయ్యకు. నేను చేశాను. ఆడపిల్ల తండ్రి పొలం అమ్మి ఇచ్చిన పైసలతో అప్పు కట్టి, ఆ పిల్లను నాలుగు వారాలకే వదిలిపోయాను. మీ అత్తమ్మ ఎన్నడూ ఎత్తిచూపలేదు. పెళ్లయిన పదహారేళ్లలో మేం కలిసి ఉన్నది, సెలవులన్నీ కూడితే, ఏడాది మీద కొన్ని రోజులు.

జీతం ఎంతో ఇంట్లో ఉన్నదున్నట్టు చెప్పు. మాల్ ముందు నిలబడి దిగిన ఫొటో పంపితే ఊళ్లో అందరూ అదే నీ బతుకనుకుంటారు, అడిగేవాళ్లూ దాని కొద్దీ అడుగుతారు. ఒకసారి గది ఫొటో కూడా పంపు. పైసలు హుండీ ఏజెంటు చేతికివ్వకు, బ్యాంకు ద్వారానే పంపు, నీ పేరు మీద ఎన్ఆర్ఈ ఖాతా తెరువు. నువ్వు పంపినదాంట్లో ఎంతో కొంత నీ పేరు మీదే మిగలాలి. మీ అమ్మ కాదనదు, నేను మాట్లాడతాను. ఎండాకాలం జాగ్రత్త. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ నియమముంది. దాహం లేకపోయినా నీళ్లు తాగు.

2014లో తొమ్మిదో కాగితం వచ్చినప్పుడు, ఎందుకో గానీ, పెన్ను అందుకోలేదు. "రేపిస్తా" అని మడిచి జేబులో పెట్టుకున్నాను. మూడు రాత్రులు దిండు కింద ఉంది. మీ బావ పదో తరగతి, మా అవ్వకు చూపు మందగిస్తోంది, బోరులో నీళ్లున్నాయి. నాలుగో రోజు సంతకం లేకుండానే తిరిగిచ్చేశాను. వచ్చాక సుఖంగా ఉందనుకోకు. మొదటి నెల మీ అత్తమ్మ టీ ఇచ్చి, చుట్టాన్ని అడిగినట్టు "చక్కెర సరిపోయిందా" అనేది. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో నాకు తెలీదు. ఎరువుల లెక్క, బడి ఫీజు, అన్నీ తనే చూసుకునేది, నేను మధ్యలో తలదూర్చి రెండుసార్లు చెడగొట్టాను. ఇంటివాణ్నని అనిపించుకోవడానికి రెండేళ్లు పట్టింది. పసుపు వేశాను, మేస్త్రీ పనులు పట్టాను. తిరిగొచ్చాక ఏం చెయ్యాలో అక్కడుండగానే కాస్త కాస్త ఆలోచించిపెట్టుకో. నీ చేతిలో వైండింగ్ పనుంది, అది మరిచిపోకు.

నువ్వు పోయే రోజు తెల్లారి నాలుగింటికి శంషాబాద్ బండి వస్తుందట. నేనూ వస్తున్నా, మీ అమ్మతో చెప్పాను. దాని ముందురోజు సాయంత్రం నీ పెట్టె తెచ్చి మా అరుగు మీద ఒకసారి విప్పు. ఎవరైనా "మా తమ్మునికియ్యి" అని పొట్లాలు ఇచ్చి ఉంటే అవి పక్కన పెడదాం. మాత్రలుంటే డాక్టరు చీటీతో సహా పెట్టుకో. మసాలా పొడిలో గసగసాలు వెయ్యొద్దని, ఆ దేశంలో వాటిని మత్తుమందు కింద లెక్కేసి పట్టుకుంటారని మీ అమ్మకు నిన్ననే చెప్పాను. సరే అని తలూపింది గానీ, ఇరవై ఏండ్లుగా వేసే చేయి, ఊరుకోదు. డబ్బా మూత నేనే తీసి చూస్తాను. వేసి ఉంటే రాత్రికి మీ అత్తమ్మ కొత్తగా దంచి పెడుతుంది.

మీ మామ